ఎలుగు డాక్టరుకి నచ్చిన ఆకులు

ఒక పెద్ద అడవిలో ఆస్పత్రి ఉంది, ఆస్పత్రి వెనకాల ఆకుల గుట్ట ఉంది. ఏ జబ్బుకి ఏ మందు పనిచేసిందో, ఏది చెయ్యలేదో, పరీక్ష చేసి చూసినవాళ్లంతా టేకాకుల మీద రాసి అక్కడ పడేసేవాళ్లు. అన్నీ చదవాలంటే ఏడు జన్మలు చాలవు.

పెద్ద డాక్టరు ఎలుగుబంటికి అంత ఓపికేదీ? ఉడతని పిలిచాడు.

"చారలమ్మా, ఇక వెతికే పని నీది. ఎవరికి ఎలాంటివి నచ్చుతాయో గుర్తుపెట్టుకుని అవే తెచ్చిపెట్టు."

ఉడత బుర్ర మంచి బుర్ర. డాక్టరు ఏ ఆకుకి తలాడించాడో, దేనికి మూతి ముడిచాడో అన్నీ గుర్తుపెట్టుకుంది. నెల తిరిగేసరికి తేనె మంచిదని రాసిన ఆకులే ఆయన ముందుకొచ్చేవి.

"చూశావా, లోకమంతా నా మాటే అంటోంది!" అని మురిసిపోయేవాడు.

అప్పుడొచ్చింది జింక చుక్కమ్మ. దాని పిల్లకి విరేచనాలు. నాలుగు రోజులుగా ఆస్పత్రిలో తేనే పోస్తున్నారు. పిల్ల కాళ్లమీద నిలబడట్లేదు.

"అయ్యా, పట్టినకొద్దీ ఎక్కువవుతోంది."

"అయితే చాల్లేదన్నమాట. చారలమ్మా!"

ఉడత పది ఆకులు తెచ్చింది. పదింట్లోనూ తేనె గొప్పే.

"పది ఆకులు అబద్ధమాడతాయా? నువ్వేమైనా చదువుకున్నావా?"

"లేదయ్యా. పిల్లని కన్నాను."

చుక్కమ్మ వెనక్కెళ్లి ఉడతని పట్టుకుంది. "విరేచనాలకి నాకూ వెతికిపెట్టవే."

"నీకేం నచ్చుద్ది?"

"నా పిల్ల బతికితే నచ్చుద్ది."

ఉడత తల గోక్కుంది. అలాంటి ఇష్టం ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు మరి. ఏం తేవాలో తెలీక గుట్టంతా తిరగేసి, విరేచనాల మాట ఉన్న ఆకులన్నీ తెచ్చి కుమ్మరించి, ఒక్కోటీ చదివింది. మూడో ఆకులో ఉంది: "తేనె పట్టాం, పెరిగాయి. ఆపేసి మారేడు పిందె ఉడికించి పెట్టాం, కట్టాయి."

మూడో రోజుకి పిల్ల గంతులేసింది.

"చెప్పానా? తేనె కాస్త ఆలస్యంగా పనిచేసుద్ది," అన్నాడు డాక్టరు.

ఎండాకాలం వచ్చేసరికి ఆయన దవడే వాచింది. పన్ను పుచ్చిపోయింది. అంత తేనె తిన్న నోరు మరి!

"చారలమ్మా, పంటినొప్పికి వెతుకు!"

పది ఆకులొచ్చాయి. పంటికి తేనె రాయమన్నాయి.

"ఇవి కాదే, వేరేవి తే!"

"వేరేవి మీకు నచ్చవు కదయ్యా."

మర్నాడు ఎలుగుబంటి రెండు ఎండుకొమ్మలు నెత్తిన కట్టుకుని, గొంతు సన్నంగా చేసుకుని వచ్చాడు. "నేను జింకనమ్మా. పంటినొప్పికి ఏమైనా..."

"రండి డాక్టరుగారూ," అంది ఉడత. "మీ ఆకులు తీసే ఉంచాను."

నీతి: ఆస్పత్రికి వెళ్లేముందు డాక్టరుకి ఏ మందంటే ఇష్టమో కనుక్కుని, దానికి తగిన జబ్బే తెచ్చుకోవాలి.