సగం సినిమా గురుమూర్తి

గురుమూర్తికి సినిమాలతో విరోధమేమీ లేదు. మొదలుపెట్టినదాన్ని ముగించాలనే పట్టుదల మాత్రం లేదు. ఇంటర్వెల్ పడగానే లేచి, "కథ తెలిసిపోయిందిలే, పద" అని పెళ్లాన్ని స్కూటరెక్కించేవాడు. ఊరంతా చప్పట్లు కొట్టిన సినిమాలనూ, ఊరంతా ఏడ్చిన సినిమాలనూ అదే మర్యాదతో మధ్యలో వదిలేశాడు. పీణ్యలో లేత్ మిషన్ల షెడ్డుకి సూపర్‌వైజరు. అక్కడ మాత్రం ఒక్క బోల్టు సగంలో ఆగితే ఊరుకోడు.

భార్య వనజ పెళ్లయిన కొత్తలో ఏడ్చింది, తర్వాత పోట్లాడింది, ఆ తర్వాత ఊరుకుంది. అలవాటైపోయింది కాబోలు అనుకున్నాడు గురుమూర్తి.

వాళ్లుండేది యశవంతపురలో, జయరామప్పగారింటి వెనక పోర్షను. మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేస్తే గానీ పప్పులో రాళ్లు కనపడవు. ఈ మధ్య మేడమీద పోర్షను ఖాళీ అయింది. ముందు ఎండపడే వరండా ఉంది. వనజ ప్రాణమంతా ఆ వరండా మీదే.

"ఆ ఇల్లు మనకు రాకపోతే నేనీ చీకట్లోనే ముసలిదాన్నైపోతా" అంది. గురుమూర్తికి పాపం అనిపించింది. కానీ ఆ ఇంటికోసం వీధిలో సగంమంది కాచుక్కూర్చున్నారు.

జయరామప్ప వయసులో ఉండగా ఒక కన్నడ సినిమాలో చిన్న వేషం వేశాడు. దానికి ఢిల్లీలో అవార్డొచ్చింది. ఇల్లడగడానికి ఎవరొచ్చినా కాఫీ ఇచ్చి, వీడియో క్యాసెట్ చేతిలో పెట్టి, "ముందు ఇది చూడప్పా. ఇంటి సంగతి ఆమేల మాట్లాడదాం" అనేవాడు.

గురుమూర్తి కూడా క్యాసెట్ తెచ్చుకున్నాడు. ఆదివారం పొద్దున వీసీపీ ముందు బుద్ధిగా కూర్చున్నాడు. తెరమీద ఒక ముసలాయన బావిలోకి చూశాడు. చూస్తూనే ఉన్నాడు. గురుమూర్తి లేచి గడ్డం గీసుకుని, స్నానం చేసి, ఉప్మా తినొచ్చాడు. ముసలాయన ఇంకా చూస్తున్నాడు.

"ఆ బావిలో ఏముందే?"

"నీళ్లు లేవండీ. అదే కథ."

"లేని నీళ్లను ఇంతసేపు చూడాలా?"

"లేని తెలివిని మీలో నేను ఇన్నేళ్లుగా చూడటం లేదూ!"

గురుమూర్తి ఆ మాట వినపడనట్టు ఫార్వర్డ్ బటన్ నొక్కి, టేపును చివరిదాకా తిప్పేశాడు. పూర్తిగా చూసినవాళ్ల క్యాసెట్టు చివర్లోనే కదా ఆగి ఉంటుంది!

"సాయంత్రం ఆయన అడిగితే ఏం చెబుతారండీ?"

"అవార్డు సినిమా అన్నాక ఆఖర్న ముసలాయన చచ్చిపోతాడు. లేకపోతే అవార్డెందుకిస్తారు?"

"అది కాదండీ, ఆ క్యాసెట్టు..."

"నాకు చెప్పకు. నేను చూసుకుంటా."

"సరే, మీ ఇష్టం" అని వనజ వంటింట్లోకి వెళ్లిపోయింది.

సాయంత్రం గురుమూర్తి ఉతికిన చొక్కా వేసుకుని జయరామప్ప హాల్లో కూర్చున్నాడు.

"చూస్తివా అప్పా?"

"చూడటమా సార్! రెప్ప వెయ్యలేదు."

"ఆఖరు ఎట్లుండాది?"

"ఆ ముసలాయన పోయినప్పుడు ఏడుపాగలేదు సార్. వనజ మంచినీళ్లివ్వాల్సొచ్చింది."

జయరామప్ప కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "పోయెనా? ఎట్ల పోయె?"

"బావిలో పడి సార్."

"నీళ్లు లేని బావిలోనా?"

"అందుకే సార్, దెబ్బ గట్టిగా తగిలింది."

"సరే. నా యాక్టింగు?"

"మీరెక్కడ కనపడ్డారు సార్? పాత్రే కనపడింది!"

"యా సీన్లో?"

"ఒకటని ఎలా చెప్పను సార్? వచ్చిన ప్రతి సీన్లోనూ."

"నేను వచ్చేది రెండో క్యాసెట్లో అప్పా" అన్నాడు జయరామప్ప మెల్లగా. "నీకిచ్చింది ఒకటోది. పెద్ద సినిమా గదా, రెండుండాయి."

గురుమూర్తి తన కాఫీ గ్లాసులోకి చూశాడు, ఆ ముసలాయన బావిలోకి చూసినట్టు.

జయరామప్ప కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "ఇల్లడిగినోళ్లందరికీ ఒకటోదే ఇస్తి. అందరూ బ్రహ్మాండంగా ఉండాది అనిరి. రెండోది ఇయ్యప్పా, ఆమేల ఏమాయెనో చూస్తాం అని అడిగినోళ్లు లేరు. మా ఇంట్లోవాళ్లే అడగలేదు."

గురుమూర్తికి నిజంగానే సిగ్గేసింది. ఇల్లు పోయిందన్న దిగులు కన్నా ఆ పెద్దాయన ముఖం చూడటం కష్టమైంది.

"తప్పయింది సార్. ఆ రెండోది ఇవ్వండి, ఇప్పుడే చూస్తా."

"మీ వనజమ్మ మొన్ననే అడిగి తీసుకపోయి చూసి ఇచ్చె. నేను బావిలో దిగి మన్ను తోడే సీను రెండుసార్లు చూసెనంట! అడిగింది ఆయమ్మ ఒక్కతే అప్పా. మేడ బీగాలు కూడా ఆయమ్మకే ఇచ్చేస్తి."

"తాళాలిచ్చేశారా! అయితే ఇల్లు మాదే!"

"మీదే. ఆయమ్మ కూడా నాకొక మాట ఇచ్చిండాది. ఆదివారం ఆదివారం నువ్వు నా పక్కన కూర్చుని సినిమా చూస్తావంట, ఆఖరుదాకా. నాకూ తోడు కావాల గదా. ఇట్లాంటివి పెట్టెడు ఉండాయి."

గురుమూర్తి కాళ్లీడ్చుకుంటూ ఇంటికొచ్చాడు. వనజ అప్పటికే సామాన్లు సర్దుతోంది.

"నన్ను అమ్మేశావు కదే!"

"వరండా కోసం మిమ్మల్నొక్కరినే ఇచ్చానండీ. గ్రైండరు అడిగుంటే ఆలోచించేదాన్ని."

"రెండో క్యాసెట్టుందని ఒక్కమాట చెప్పకూడదూ?"

"చెప్పబోయాను. మీరు సినిమాలే కాదు, మాటలు కూడా సగమే వింటారు."

మేడమీద పాలు పొంగించిన మరుసటి ఆదివారం మధ్యాహ్నం గురుమూర్తి జయరామప్ప హాల్లో, కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. పెద్దాయన ముఖం వెలిగిపోతోంది. క్యాసెట్ పెట్టాడు. అప్పుడే కిటికీలోంచి గేటు దగ్గర వనజ కనిపించింది. పట్టుచీర, తలనిండా కనకాంబరాలు. పక్కన పొరుగింటి పాపక్క.

"ఎక్కడికే?" అన్నాడు గురుమూర్తి.

"మ్యాట్నీకండీ."

"పాపక్కతోనా? ఎప్పట్నుంచీ?"

వనజ కనకాంబరాలు సర్దుకుంది. పాపక్కే నవ్వింది. "ఇదేమి కొత్తా అన్నా? మీరు ఇంటర్వెల్లో తోలుకొచ్చిన సినిమాలన్నీ మరుసటి దినమే మేమిద్దరం పోయి మొత్తం చూసొస్తాం గదా!"

గురుమూర్తి కుర్చీలోంచి సగం లేచాడు. జయరామప్ప అతని భుజం మీద చెయ్యేసి ప్రేమగా కూర్చోబెట్టాడు.

"యాడికి అప్పా, ఇంకా పేర్లే పడతా ఉండాయి."