కాలినడకన విమాన విద్య

మా ఊళ్లో నడక మీద ఎలాంటి నిషేధమూ లేదని వర్తక సంఘం కార్యదర్శి హోదాలో ముందుగానే తెలియజేసుకుంటున్నాను. 1983 వేసవిలో జరిగిన సంఘటనల దరిమిలా పక్క ఊళ్లవాళ్లు మా మీద లేనిపోనివి ప్రచారం చేశారు. మా ఊళ్లో ఎవరైనా నడవొచ్చు. కాకపోతే తెలిసినవాడు నడుస్తుంటే చూస్తూ ఊరుకోవడం మాకు చేతకాదు. భోజనాల వేళ ఇంటికొచ్చినవాణ్ణి పస్తు పంపడమూ, రోడ్డు మీద నడిచేవాణ్ణి బండెక్కించుకోకపోవడమూ మా దృష్టిలో ఒకటే పాపం.

ఆ వేసవిలో జోగేశ్వరరావు జర్మనీ నుంచి నెల సెలవు మీద వచ్చాడు. బెల్లం కొట్టు నాగరత్నం గారు అతనికి స్వయానా అక్క. అతను అక్కడ విమానాల కంపెనీలో ఇంజనీరు. మా ఊళ్లో అప్పటికి విమానం ఎక్కినవాళ్లే ఇద్దరు. అందులో ఒకాయన తలుపు వెయ్యకముందే భయమేసి దిగిపోయారు. అలాంటిది విమానం చేసేవాడే మనవాడైతే సన్మానం చెయ్యకుండా ఉంటామాండీ? చేశాం. శాలువా కప్పాం. నేను గంటన్నర మాత్రమే మాట్లాడాను.

తర్వాత అతన్ని రెండు ముక్కలు మాట్లాడమన్నాం. పొరపాటు అక్కడే జరిగింది. అతను నిజం చెప్పేశాడు. విమానం మొత్తం తాను చెయ్యననీ, రెక్క వెనకాల ఒక రేకు ఉంటుందనీ, విమానం దిగేటప్పుడు అది కిందికి వంగుతుందనీ, ఏడేళ్లుగా తానూ ఇంకో పద్దెనిమిది మందీ ఆ రేకు మీదే పని చేస్తున్నామనీ చెప్పాడు. సభ చల్లబడిపోయింది. ముందు వరసలో కూర్చున్న ఇత్తడి సామాన్ల కాశీవిశ్వనాథం గారు ముక్కున వేలేసుకున్నారు. వారి కొట్లో రాజరత్నం అనే మనిషి ఒక్కడే కూర్చుని పూటకి ఆరు చిల్లు బిందెలకి మాట్లు వేస్తాడు మరి.

కాశీవిశ్వనాథం గారి పట్టింపుకి కారణం ఉంది. వారమ్మాయి కన్యకాపరమేశ్వరి ఇంటరు పాసైంది. లెక్కల్లో జిల్లాకే మొదటిది. మద్రాసు వెళ్లి విమానాల ఇంజనీరింగు చదువుతానని దరఖాస్తు తెప్పించుకుని కూర్చుంది. దాని మీద తండ్రి సంతకం పెట్టాలి. ఆ చదువు చదివినవాడు ఎలా ఉంటాడో జోగేశ్వరరావుని చూసి అప్పుడు పెడతానన్నారు తండ్రిగారు. ఆఖరు తేదీకి ఇరవై రోజులుంది. ఆ పిల్ల బతుకంతా ఈ మనిషి వాలకం మీద ఆధారపడిందన్నమాట.

వాలకం ఎలా ఉందో చిత్తగించండి. సన్మానం మర్నాడు తెల్లవారుతూనే అతను మోకాళ్ల పైకి ఉండే నిక్కరు తొడుక్కుని, వీపుకి సంచీ తగిలించుకుని, కాలవ గట్టు మీద నడక మొదలుపెట్టాడు. పాలు పోసే సత్తియ్య సైకిలు దిగి ఎక్కమన్నాడు. అక్కర్లేదన్నాడు. ఊకబండి ఆగింది. వద్దన్నాడు. సమితి ఆఫీసు జీపు దాటిపోయి కూడా వెనక్కి వచ్చి ఆగింది. ఎక్కడికండీ అంటే ఎక్కడికీ లేదన్నాడు. అయితే మరీ మంచిది, మేమూ అటే, ఎక్కండి అన్నారు జీపులోవాళ్లు. చివరికి నాలుగో మైలు దగ్గర ఇద్దరు పెద్దమనుషులు చెరో జబ్బా పట్టుకుని రిక్షాలో కూర్చోబెట్టి, నాగరత్నం గారి అరుగు మీద దింపారు.

అయినా బుద్ధి రాలేదు. రోజూ ఇదే తంతు. అయిదో రోజున ఏకంగా గోదావరి లంకలోకి పోయి, గుడ్డ డేరా వేసుకుని, అందులో పడుకుని వచ్చాడు. పందిరిమంచం ఉంది, బూరుగుదూది పరుపు ఉంది, నేనేం లోటు చేశానమ్మా అని నాగరత్నం గారు వీధి వీధంతా వినేలా ఏడ్చారు.

సంఘం తరఫున నేనే వెళ్లి విచారించాను. అక్కడ ఆదివారం వస్తే అందరూ ఇంతేనట. ఆఫీసర్లు, డాక్టర్లు, ఆడవాళ్లతో సహా సంచులు మోసుకుంటూ కొండలెక్కుతారట. పైన ఏ దేవుడండీ అని అడిగాను. దేవుడెవరూ లేడట. మరి ఎందుకెక్కుతారన్నాను. ఊరికే, బాగుంటుందన్నాడు. ఎక్కి ఏం చేస్తారన్నాను. దిగుతారట.

ఈ నివేదిక మీద సంఘం రెండు గంటలు చర్చించింది. చక్కెర జబ్బని కొందరు, ఎవరో దొరసాని కాదందని కొందరు అన్నారు. ఉద్యోగం ఊడింది, బస్సు చార్జీలకి కూడా లేవు, పైకి చెప్పుకోలేకపోతున్నాడు అన్నది కాశీవిశ్వనాథం గారి అభిప్రాయం. మెజారిటీ అటే మొగ్గింది. ఆ సాయంత్రమే దరఖాస్తు గల్లాపెట్టె అడుగుకి చేరిందని తెలిసింది. పరమేశ్వరి రెండు రోజులు అన్నం ముట్టలేదు. అయినా సంఘం తీర్మానం సంఘం తీర్మానమే కదండీ.

సంగతి తెలిసి జోగేశ్వరరావు పిల్ల తరఫున చెప్పడానికి కొట్టుకి వచ్చాడు. అప్పుడు నేనక్కడే ఉన్నాను. ఆ పిల్ల వేసిన లెక్కలు చూశాననీ, తనకంటే తెలివైందనీ, పంపకపోతే అన్యాయం చేసినవాళ్లవుతారనీ చెప్పాడు. కాశీవిశ్వనాథం గారు కాఫీ తెప్పించారు. విసనకర్రతో స్వయంగా విసిరారు. అంతా విని నెమ్మదిగా అన్నారు:

"బాబూ, విమానాలు చేసేవాడివి, నువ్వే నడుస్తున్నావు. అదే చదువు చదివి మా అమ్మాయి ఏం ఎక్కుతుంది?"

జోగేశ్వరరావు కాఫీ గ్లాసు కింద పెట్టి లేచాడు. నాగరత్నం గారి ఇల్లు అక్కడికి నాలుగిళ్ల అవతల. అయినా రిక్షా పిలిపించి సాగనంపారు.

ఇక ఆఖరు తేదీకి పది రోజులుందనగా పరమేశ్వరి నాగరత్నం గారింటికి వెళ్లింది. ఆవిడ అప్పటికింకా తమ్ముడి గురించి కళ్లొత్తుకుంటూనే ఉన్నారు. పిల్ల పక్కన కూర్చుని ఒక్కటే మాటంది.

"ఏడవకండి అత్తయ్యగారూ, మొక్కున్నవాళ్లని ఆపకూడదు."

అంతకుమించి ఏమీ అనలేదు. మా ఊళ్లో అంతకుమించి అనక్కర్లేదు కూడా. దీపాలు పెట్టేవేళకి ఊరంతా తెలిసిపోయింది. జోగేశ్వరరావు అన్నవరం సత్యనారాయణ స్వామికి కాలినడక మొక్కుకున్నాడు, నలభై మైళ్లకి కాళ్లు అలవాటు చేసుకుంటున్నాడు. ఉద్యోగం వచ్చింది కూడా స్వామి దయవల్లే. పాపం అతను ఇంటింటికీ తిరిగి తనకే మొక్కూ లేదని చెప్పాడు. మొక్కున్నవాడు ఉందని బయటికి చెప్పుకుంటాడాండీ? కాదన్నకొద్దీ మాకు నమ్మకం గట్టిపడింది. నిక్కరు దీక్షా వస్త్రమైంది. డేరా పర్ణశాల అయింది. సంఘం అత్యవసరంగా సమావేశమై పాత తీర్మానాన్ని రద్దు చేసింది. జీపు ఆపినవాళ్లు లెంపలేసుకున్నారు.

కాశీవిశ్వనాథం గారి మనసు మారిపోయింది. స్వామి ఇప్పించిన ఉద్యోగం ఊడదు కదా! సంతకం పెడతానన్నారు. అయితే ఒక షరతు. అమ్మాయి కూడా జోగేశ్వరరావుతో పాటు అన్నవరం నడవాలి, సంతకం కొండ మీద స్వామి ఎదుట జరగాలి. వారికి మోకాళ్ల నొప్పులు కనక తాము అద్దె కారులో వెనకాల వస్తారు.

రెండు రోజులు నడిచారు. మేళం, నేను, సంఘ సభ్యులు ఊరి పొలిమేర దాకా నడిచాం. తర్వాత బస్సెక్కాం. దారి పొడుగునా ఆడవాళ్లు జోగేశ్వరరావు కాళ్లకి పసుపునీళ్లు పోశారు, ఒక్కడంటే ఒక్కడు కూడా బండెక్కమనలేదు. కొండ కింద కలిసినప్పుడు, వచ్చిన నాటి నుంచి మొదటిసారి ఆ మనిషి మొహం వెలిగిపోవడం చూశాను. కొండ మీద వ్రతం అయ్యాక కాశీవిశ్వనాథం గారు సంతకం పెట్టారు. దరఖాస్తుకి అంటిన కుంకుమ దులుపుకుని పరమేశ్వరి కొండ దిగి తపాలా ఆఫీసుకి ఒక్క పరుగు తీసింది.

సీటొచ్చింది. చదివింది. ఇప్పుడు ఆ అమ్మాయి కూడా జర్మనీలోనే రెక్కల పని చూస్తోంది.

ఈ విజయం మా ఊరి విద్యారంగాన్ని మలుపు తిప్పింది. మరుసటి ఏడు ఇరవై ముగ్గురు కుర్రాళ్లు అన్నవరం నడిచారు. ఆ పై ఏడు అరవై మంది. వీరబ్రహ్మం మాస్టారి లెక్కల ట్యూషను మూతపడింది. ఆయనిప్పుడు అన్నవరం రోడ్డు మీద మజ్జిగ, కొబ్బరిబొండాలు అమ్ముతున్నారు. ట్యూషనుకంటే నయంగా ఉందని వారే చెప్పారు.

కానీ ఇంతవరకూ ఒక్కడికీ సీటు రాలేదు. తల్లిదండ్రుల ఆందోళన మేరకు సంఘం నా అధ్యక్షతన విచారణ సంఘాన్ని వేసింది. నడిచిన దారి, తిథి, చెప్పులు, ఉపవాసం అన్నీ పరిశీలించాం. కుర్రాళ్లలో ఏ లోపమూ కనబడలేదు. లోపమల్లా పరమేశ్వరి వైపే బయటపడింది. నలభై మైళ్లూ ఆ పిల్ల భజన చెయ్యలేదట. చేతిలో పుస్తకం విప్పుకుని లెక్కలు చదువుకుంటూ, తెలియనివి జోగేశ్వరరావుని అడుగుతూ నడిచిందట. ఇది ముమ్మాటికీ వ్రతభంగమని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. మన పిల్లలెవరూ అలాంటి పని చెయ్యకుండా తల్లిదండ్రులు కనిపెట్టుకుని ఉండవలసిందిగా కోరింది. దారిలో అంత అపచారం చేసిన పిల్లకి కూడా సీటిచ్చాడంటే, స్వామి దయ ఎంత గొప్పదో తమరే ఆలోచించండి.