నోరు మాత్రం ఇంట్లోనే

చందన కుడిచెయ్యి ఆరో తరగతి అయిపోయిన వేసవిలోనే కాలేజీకి వెళ్ళిపోయింది. మిగతా పిల్ల ఇంట్లోనే ఉంది. మిరపయార్డు వెనక వీధిలో ఇదేమంత చెప్పుకోదగ్గ విషయం కాదు. ఎదురింటి కృపావతి గారి అబ్బాయి చెయ్యి అంతకు ముందు ఏడాదే వెళ్ళింది. ఇంటర్లో చేరాక మొదలుపెడితే పిల్లలు అందుకోలేరని, చిన్నప్పటి నుంచీ కొంచెం కొంచెంగా పంపిస్తూ ఉంటే వాళ్ళే అలవాటు పడతారని కాలేజీవాళ్ళు ఇంటింటికీ తిరిగి చెప్పారు. వినడానికి సబబుగానే ఉంది. పిల్లని మొత్తంగా ఒక్కసారే పంపించమంటే ఏ తల్లి మాత్రం ఒప్పుకుంటుంది?

ఆ మాట చెప్పడానికి వచ్చినాయన పేరు మాల్యాద్రి. ఏడాదంతా కాలేజీలో లెక్కలు చెబుతాడు, వేసవి వస్తే పీఆర్వో అవుతాడు. పీఆర్వో అంటే మండుటెండలో బైకేసుకుని ఇల్లిల్లూ ఎక్కి పిల్లల్ని చేర్పించడం. చేర్పించకపోతే జూన్‌లో లెక్కలు చెప్పే పని కూడా ఉండదు. అందుకని ఆయన చాలా మర్యాదగా మాట్లాడతాడు. ఇచ్చిన మజ్జిగ తాగి, చెమట తుడుచుకుని, చెయ్యి ఎలా తీయాలో చూపించాడు. మణికట్టు దగ్గర కాస్త కొబ్బరినూనె రాసి, బిగుసుకుపోయిన గాజు తీసినట్టు మెల్లగా తిప్పితే వచ్చేస్తుంది. నొప్పి ఉండదు. చందన కూడా చక్కిలిగింతగా ఉందని నవ్విందే తప్ప ఏడవలేదు. మాల్యాద్రి ఆ చేతిని మెత్తటి గుడ్డలో చుట్టి, పేరు కట్టి, స్టీలు డబ్బాలో పెట్టుకున్నాడు. తండ్రి పూర్ణచంద్రరావు యార్డులో ఒక కమీషన్ కొట్టు గుమాస్తా. బస్తా గుమ్మం దాటితే రసీదు తీసుకోవడం ఆయన అలవాటు. చేతిక్కూడా అడిగి తీసుకున్నాడు.

తల్లి అరుణకుమారి నాలుగు రోజులు దిగులు పడింది. తర్వాత ఆ దిగులులోనే ఒక సుఖం దొరికింది. పిల్ల అన్నం కలుపుకోలేదు కాబట్టి మళ్ళీ చిన్నప్పటిలా తనే ముద్దలు పెట్టాలి. చెయ్యి బాగా పనిచేస్తోందని, ప్రశ్న కింద ఉన్న నాలుగు సున్నాల్లో సరైన సున్నాని గీత దాటకుండా నల్లగా నింపడం నేర్చుకుందని ఫోనుకు మెసేజీలు వచ్చేవి. పూర్ణచంద్రరావు వాటిని కొట్లో అందరికీ చూపించేవాడు.

ఏడో తరగతి అయ్యాక పాదాలు వెళ్ళాయి. గంటల తరబడి కదలకుండా కూర్చోవడం ముందు పాదాలకే నేర్పాలట. స్కూలు ఆటో గుమ్మం దాకా వస్తుంది కాబట్టి పెద్దగా ఇబ్బంది కలగలేదు. వీధిలో ఆడపిల్లల తొక్కుడుబిళ్ళ ఆట మాత్రం ఆ ఏడాదితో ఆగిపోయింది, ఆడేందుకు ఎవరికీ పాదాలు లేక. ఎనిమిది అయ్యాక కళ్ళు వెళ్ళాయి. ఆ ఏడాదంతా చందన ఇంట్లో కూర్చుని ఆవకాయ ముద్ద నములుతూ, "అమ్మా, బోర్డు తుడిచేస్తన్నారు. ఇంకో రెండు లైన్లు రాసుకోవాల్సింది" అని చెబుతూ ఉండేది. అరుణ మాత్రం మూసుకున్న రెప్పల మీద రోజూ కాటుక పెట్టడం మానలేదు.

తొమ్మిది అయ్యాక చెవులు వెళ్ళాయి. అదే అరుణకి కష్టమైంది. ఇక ఇంట్లో తను ఏమన్నా పిల్లకి వినపడదు. వీపు మీద తడితే అన్నానికి రమ్మని, తల నిమిరితే పడుకోమని ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. పది పరీక్షలకి చెయ్యీ కళ్ళూ కాలేజీ నుంచి నేరుగా సెంటరుకే వెళ్ళి రాసొచ్చాయి. మార్కులు బాగా వచ్చాయి. ఆ రోజు చందన వంటింట్లో మునక్కాయల నార తీస్తోంది, ఎడం చేత్తో, తడుముకుంటూ. ఫలితం సంగతి తల నిమిరి చెబితే పడుకోమంటున్నారనుకుని దేక్కుంటూ వెళ్ళి పడుకుంది.

ఇదంతా అరుణ నోరెత్తకుండా భరించిందంటే దానికో కారణం ఉంది. కాలేజీ నిబంధనల్లో ఒకటి ఆమె మనసులో పెట్టుకుంది. ఇంటర్లోకి పూర్తిగా తీసుకునే ముందు పిల్లకి సంబంధించినవన్నీ ఒకరోజు ఇంటికి పంపిస్తారు. తల్లిదండ్రులు అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవాలి. సాయంత్రం వ్యాను వచ్చినప్పుడు "పిల్ల రాదు" అని తల్లో తండ్రో ఒక్కమాట చెబితే, ఏదీ వెనక్కి తీసుకోకుండా వెళ్ళిపోతారు. అన్నీ అమరిన పిల్ల ఇంట్లోనే ఉండిపోతుంది. ఆ ఒక్కమాట కోసమే అరుణ ఇన్నేళ్ళూ కాచుకుని ఉంది. భర్తకి కూడా చెప్పలేదు.

ఆ రోజు రానే వచ్చింది. పొద్దున్నే డబ్బాలు దిగాయి. చెవులు పెట్టగానే కుక్కరు కూత విని చందన ఉలిక్కిపడి లేచి నిలబడబోయింది, గంట మోగిందనుకుంది. కళ్ళు అమర్చాక తల్లి ముఖంలోకి చాలాసేపు చూసింది.

"జుట్టు నెరిసిందే అమ్మా నీకు" అంది.

అరుణ పక్కకి తిరిగి కొంగుతో ముఖం తుడుచుకుంది. పిల్ల గొంతుకి తన గొంతు జవాబు చెప్పి ఏడాది దాటింది. "తల దువ్వుతా రా" అంది. కుడిచెయ్యి అమర్చారు కానీ అన్నం ముందు పెడితే దానికేం చెయ్యాలో తెలియలేదు. పళ్ళెం అంచు వెంట చూపుడువేలితో సున్నాలు గీసి, ఒకదాన్ని సాంబారుతో నింపింది. పాదాలు రెండూ దగ్గరగా చేరి నేలకి అంటుకుపోయినట్టు ఉండిపోయాయి.

ఆ రోజు ఎలా గడవాలో అరుణ ఏళ్ళ తరబడి ఊహించుకుంది. అది అలా గడవలేదు. కాఫీ తాగి పూర్ణచంద్రరావు పిల్లని ఎగాదిగా చూశాడు. ఆయన ముఖంలో నిజంగానే సంతోషం ఉంది.

"ఎటూ అన్నీ ఒకచోట ఉన్నయ్యి గదా. మళ్ళీ ఎప్పుడు కుదురుద్దో ఏమో. ఒక మోడల్ టెస్టు రాపిద్దాం" అన్నాడు.

"ఇవ్వాళొక్క రోజు వొదిలెయ్యండి" అంది అరుణ.

"అందుకే గదే చెప్పేది. ఇవ్వాళొక్క రోజే గదా" అన్నాడాయన.

ఆయన్ని అని ప్రయోజనం లేదు. ఆ వీధిలో ఏ తండ్రయినా అదే చేస్తాడు. కృపావతి గారింట్లో కూడా అదే జరిగింది. మధ్యాహ్నం దాకా చందన మోడల్ టెస్టు రాసింది. కృపావతి గారు స్వీటు పట్టుకుని వచ్చి, పిల్లని చూసి ముచ్చటపడి, "ఏం ర్యాంకు వచ్చిద్దంటన్నారు?" అని అడిగి కూర్చుంది. ఆవిడ లేచేసరికి ఎండ వాలింది. వ్యాను వచ్చే వేళ దగ్గరపడుతోంది.

చివరికి వంటింట్లో ఇద్దరే మిగిలారు.

"నిజం చెప్పు. నీకు వెళ్ళాలనుందా?" అని అడిగింది అరుణ.

"లేదమ్మా" అంది చందన, తడుముకోకుండా. "ఇక్కడే గవర్నమెంటు కాలేజీలో చేరతా. చదవనంటల్లేదు. ఒక్కచోట ఉండి చదువుకుంటా, అంతే."

"సరే. నేను చెప్తా."

"నాన్న ఒప్పుకోడు."

"నాన్నతో పన్లేదు. నేను చెప్తే చాలు. రూలు ఉంది" అంది అరుణ. చందన ఆమె భుజం మీద తల పెట్టింది. కుడిచెయ్యి మాత్రం తల్లి వీపు మీద సున్నాలు చుడుతూనే ఉంది.

వ్యాను వీధి మొదట్లో హారన్ కొట్టింది. జనం గుమ్మాల్లోకి వచ్చారు. ఎవరింటికి వ్యాను వచ్చినా అలా రావడం ఆ వీధికి మామూలే, పెళ్ళిబస్సు ఎక్కించినట్టు అందరూ కలిసి ఎక్కిస్తారు. పూర్ణచంద్రరావు సంతకానికని జేబులోంచి పెన్ను తీసి ఉంచుకున్నాడు. మాల్యాద్రి దిగి నమస్కారం పెట్టి, డబ్బాలు అరుగు మీద వరసగా తెరిచాడు. చందన గుమ్మంలో నిలబడి తల్లినే చూస్తోంది. అరుణ రెండడుగులు ముందుకి వేసింది. పిల్ల రాదు. రెండే మాటలు. పొద్దున్నుంచి లోపల వల్లె వేసుకుంటూనే ఉంది. కృపావతి గారు చూస్తోంది. పక్కింటివాళ్ళు చూస్తున్నారు. భర్త చేతిలో పెన్ను మూత అప్పుడే ఊడింది.

"పిల్ల... భయపడతంది సార్" అంది అరుణ.

ఆ మాట విని మాల్యాద్రి ఏమాత్రం కంగారుపడలేదు. ప్రతి గుమ్మంలోనూ వినే మాటే.

"భయం నోట్లోనే ఉంటదమ్మా. చెయ్యికి భయం లేదు, కళ్ళకి లేదు, నాలుగేళ్ళ నుంచి చూస్తన్నాం గదా" అన్నాడు నెమ్మదిగా. "అయినా మాకు నోరు అక్కర్లేదు. చెప్పింది వినాలి, నింపాలి. నోటితో పనేముంది? ఇంట్లోనే ఉంచుకోండి."

"మరి తిండో?" అని అడిగాడు పూర్ణచంద్రరావు.

"అదే మేలు సార్. మెస్సు గొడవుండదు. అమ్మగారు ఇక్కడ ముద్ద పెడితే అక్కడ కడుపు నిండుద్ది."

అరుణ మనసు ఒక్కక్షణం అటూ ఇటూ ఊగింది. ఇన్నాళ్ళూ పిల్లలోంచి తీసుకుపోవడమే తప్ప, ఇది మీరు ఉంచుకోండని ఎవరూ అనలేదు. పిల్ల మాట ఇంట్లోనే ఉంటుంది. రోజూ తన చేతి ముద్దే తింటుంది. అనుకోకుండా చేతికందిన ఆ కాస్తదాని ముందు అసలు అడగవలసింది ఆమెకి చాలా పెద్దదిగా, సిగ్గులేనిదిగా తోచింది.

"అయితే నోరు మాకిచ్చేస్తారా?" అంది.

"మీదేనమ్మా" అన్నాడు మాల్యాద్రి.

"అమ్మా, చెప్పవే, నువ్వు చెప్తానన్నావు" అంటోంది చందన. మాల్యాద్రి పిల్ల పెదవుల చుట్టూ కొబ్బరినూనె రాశాడు. ఆ మాటలో మొదటి సగం గుమ్మంలో ఉన్న పిల్ల అంది. మిగతా సగం అరుణ దోసిట్లోంచి వినపడింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఆ సర్దుబాటు బాగుందనుకున్నారు. కృపావతి గారు దగ్గరికి వచ్చి, "మావాడిదీ ఇంట్లోనే ఉందిలే అరుణా. అలవాటైపోద్ది" అంది.

మిగతా పిల్ల వ్యానెక్కి వెళ్ళిపోయింది. నోటిని పూర్ణచంద్రరావు గాజు బీరువాలో పెట్టాడు, స్కూల్లో వచ్చిన కప్పుల పక్కన, తడిగుడ్డ కింద. అది మొదటిరోజు నుంచే మాట్లాడుతూనే ఉంది. అమ్మా, వచ్చి తీసుకుపో, అంటుంది. అరుణ బీరువా ముందు నిలబడి, "వస్తాలే, ఊరుకో" అనేది. చెవులు అక్కడెక్కడో ఉన్నాయి కాబట్టి నోటికి అది వినపడేది కాదు. రోజంతా అదే మాట వింటూ ఇంట్లో ఎవరు మాత్రం ఉండగలరు? పూర్ణచంద్రరావు టీవీ సౌండు కాస్త పెంచాడు. ఆ వీధిలో టీవీలన్నీ ఎందుకంత గట్టిగా మోగుతాయో అరుణకి అప్పుడర్థమైంది.

ఒక ఆదివారం ఆమె బస్సెక్కి హాస్టలుకి వెళ్ళింది. చందన బెంచీ మీద నిటారుగా కూర్చుని ఉంది. ముక్కు కింద నున్నగా ఉంది. కళ్ళు తల్లిని చూసి నిండాయి.

"ఎట్టా ఉన్నావే తల్లీ? ఇంటికి వచ్చేస్తావా?" అని అరుణ చెవిలో అడిగింది. జవాబు ఇక్కడ రాదని తెలిసినా కాసేపు చూసింది. తర్వాత కాగితమూ పెన్నూ ఇచ్చింది. చెయ్యి వాటిని ఆత్రంగా అందుకుని, నాలుగు సున్నాలు గీసి, మూడోదాన్ని గీత దాటకుండా నల్లగా నింపి తిరిగి ఇచ్చేసింది. అరుణ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ప్రశ్న లేని జవాబు ఆమెకేం అర్థమవుతుంది?

సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పులు విడవకుండానే భర్తని అడిగింది.

"మధ్యాహ్నం నేనక్కడ దాన్ని అడిగా. ఇక్కడ ఏమన్నది?"

"బాగానే ఉన్నానంది" అన్నాడు పూర్ణచంద్రరావు టీవీలోంచి చూపు తిప్పకుండా.

"నిజంగా?"

"మరేమంటది?"

అరుణ ఇంకేదో అడగబోయేంతలో కరెంటు పోయింది. ఫ్యానూ టీవీ ఒక్కసారే ఆగాయి. వీధిలో టీవీలన్నీ ఆగాయి. అప్పుడు బీరువాలోంచి ఆ మాట వినపడింది. గొంతు బొంగురుపోయింది. "వచ్చేస్తానమ్మా. అడిగావు గదా, వచ్చేస్తా. ఎక్కడున్నావు? వచ్చేస్తా." మధ్యాహ్నం నుంచీ అదే అంటున్నట్టుంది. ఎదురింట్లోంచి కృపావతి గారబ్బాయి గొంతు, ఆ పక్కింట్లోంచి ఇంకెవరిదో, వీధి చివరి దాకా ఒక్కొక్క ఇంట్లోంచీ ఒక్కొక్క గొంతు. ఎవరికీ ఎవరూ వినపడకుండా, అందరూ ఇంచుమించు అదే మాట అంటున్నారు.

పూర్ణచంద్రరావు చీకట్లో కదల్లేదు. "ఏదన్నా పెట్టవే దానికి" అన్నాడు కాసేపటికి.

అరుణ తడుముకుంటూ వంటింట్లోకి వెళ్ళి పెరుగన్నం కలిపింది. బీరువా తెరిచి నోటికి ముద్ద అందించింది. నోరు మాట ఆపి నమలసాగింది. పాపం, ఆకలి మీదే ఉంది. ముద్ద అయిపోగానే "అమ్మా, వచ్చే..." అనబోయింది. అరుణ ఇంకో ముద్ద పెట్టింది. ఎదురింట్లో గిన్నె మూత తీసిన చప్పుడైంది. పక్కింట్లో గరిటె తగిలింది. కాసేపటికి వీధిలో ఒక్క గొంతూ లేదు.

కరెంటు వచ్చింది. దానితోపాటే ఫోనుకి కాలేజీ నుంచి మెసేజీ వచ్చింది. మీ అమ్మాయి చందన కాలేజీ వాతావరణానికి చక్కగా అలవాటు పడింది, ఆమె నుంచి ఇంతవరకూ ఎలాంటి ఫిర్యాదూ లేదు, అని ఉంది. పూర్ణచంద్రరావు దాన్ని పైకి చదివి, మళ్ళీ ఒకసారి లోపల చదువుకున్నాడు. అరుణ సరేనన్నట్టు తలూపి, ఈసారి ముద్ద కాస్త పెద్దదిగా కలిపింది.