మాయమైన రెండు బస్తాల నేల

“ఈ లోకంలో ఇంకా నేరాలు జరుగుతున్నాయంటే ఒకే ఒక్క కారణం, బావా. నేను ఒక్కణ్ణే పుట్టాను. నాలాంటివాళ్లు ఇద్దరుంటే పోలీసు స్టేషన్లన్నీ గోడౌన్లుగా అద్దెకిచ్చుకునేవాళ్లు.”

బావగారు పేపరు వెనక నుంచి “ఊఁ” అన్నారు. పదేళ్ల కాపురంలో ఆయన క్షుణ్ణంగా నేర్చుకున్న విద్య అదొక్కటే.

ఈ మహానుభావుడు ఆయనకు స్వయానా బావమరిది. వీధంతా అతన్ని భూతద్దం అంటుంది. అరచేతంత భూతద్దం జేబులో లేనిదే అతను పెరట్లోకి కూడా వెళ్లడు. ఒక ఆఫీసులో ఫైళ్లు సర్దే ఉద్యోగం. సెలవు రోజుల్లో మాత్రం అపరాధ పరిశోధన. పక్కింటివాళ్ల డోర్ మ్యాట్ మాయమైన కేసును పదకొండు రోజులు పరిశోధించాడు. ఆ పదకొండు రోజులూ దానిమీదే నిలబడి పరిశోధించాడన్న సంగతి పన్నెండో రోజున పక్కింటావిడే కనిపెట్టింది. అయినా అతని డైరీలో అది ‘ఛేదించిన కేసు’ల కిందే ఉంది.

“ఏమండీ! ఇలా రండి! నేల లేదు!”

గ్యారేజీలోంచి భార్య పెట్టిన కేక అది. బావగారి చేతిలో పేపరు జారిపోయింది. భూతద్దం కళ్లు మాత్రం దీపాల్లా వెలిగాయి.

నేల లేకపోవడమేమిటంటే, ఆ గ్యారేజీ నేల మొదటినుంచీ గుంతలమయం. కారు దిగితే కాలు మడతపడేది. అందుకని నిన్న మేస్త్రీని పిలిచి కొత్తరకం కాంక్రీటు పోయించారు. పొడిని లెక్కప్రకారం నీళ్లలో కలిపి పోస్తే పాలలా పారి, తనంతట తానే చదునై గట్టిపడే సరుకు అది. మేస్త్రీ అరవై దాటిన మనిషి, మాట పొదుపు. నేల చదును చూసే తన రసమట్టాన్ని పసిబిడ్డలా గుడ్డలో చుట్టి తెచ్చుకుంటాడు. పొద్దున్నించీ నేల గీకి, ఊడ్చి, సరుకు బాగా పట్టుకోవడానికి ప్రైమర్ పూసి, వెనక మూల నుంచి పోసుకుంటూ వచ్చి షట్టర్ దించి వెళ్లాడు.

ఇప్పుడు చూస్తే ముందు భాగం అద్దంలా ఉంది. వెనక మూల మాత్రం పళ్లెంలా దిగబడి, అడుగున పాత గరుకు నేల పళ్లికిలిస్తోంది.

“రెండు బస్తాల నేల చోరీ!” అన్నాడు భూతద్దం, పరవశంతో. “అక్కా, ఏదీ ముట్టుకోకు. బావా, ఊపిరి మెల్లగా పీల్చు. ఇది అంతర్జాతీయ ముఠా పని కావచ్చు.”

“నేలనెవడెత్తుకెళ్తాడ్రా?” అన్నారు బావగారు.

“అదే వాళ్ల తెలివి! నువ్విలా అడుగుతావనే ఎత్తుకెళ్లారు.”

అప్పుడే మేస్త్రీ తోపుడుబండితో వచ్చాడు. మూల చూడగానే అతని మొహంలో నెత్తుటి చుక్క లేదు.

“సార్, సాయంత్రం నాలుగింటికి ఫంక్షన్ హాలాయన వస్తున్నాడు, ఈ నేల చూడ్డానికి. నచ్చితే హాలు మొత్తం నాకే ఇస్తానన్నాడు. ఈ కొత్త సరుకుతో నాకిదే మొదటి పని. ఇది చూస్తే ఇంకెవరు పిలుస్తారు నన్ను?”

భూతద్దం అతని చుట్టూ మూడుసార్లు తిరిగాడు. తర్వాత బండి చుట్టూ తిరిగాడు. టార్పాలిన్ ఎత్తాడు. కింద సీలు విప్పని బస్తాలు రెండు ఉన్నాయి.

“దొరికావ్! పోయినవి రెండు. నీ బండిలో ఉన్నవీ రెండు!”

“అవి మిగిలినవి బాబూ. ఎనిమిది తెచ్చాను, ఆరు పట్టాయి. ఎప్పుడూ రెండెక్కువే తెస్తాను, మధ్యలో తక్కువైతే అతుకు పడుతుందని. ఖాళీ బస్తాలు ఆరూ అక్కడే ఉన్నాయి చూడండి.”

“ఖాళీ బస్తాలు ఎవరైనా పెట్టగలరు. మా చెవిలో పువ్వులు పెట్టకు!”

“నాకూ అనుమానంగానే ఉందిరా,” అంది అక్క, మూతి తిప్పుతూ. తమ్ముడు సూర్యుణ్ణి అరెస్టు చేసినా ఆవిడ బెయిలివ్వదు.

మేస్త్రీ బావగారి వైపు చూశాడు. బావగారు ఖాళీ బస్తాల వైపు చూశారు. ఆరూ ఉన్నాయి. ఆ మాట గట్టిగా అనాలని ఉంది. అంటే భార్య ఒక వారం, బావమరిది ఒక నెల సాధిస్తారు. ఆయన నీళ్లు నమిలారు. మేస్త్రీ తాపీ తీసి కింద పెట్టేశాడు.

“దొంగనన్నారు. అది తేలేదాకా ముట్టుకోను సార్.” గుమ్మం బయట స్టూలు మీద కూర్చుని, రసమట్టం ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ కూర్చోవడం చూసి బావగారికి తల కొట్టేసినట్టయింది.

“ఆధారాలు లేకుండా నేను మాట్లాడను,” అంటూ భూతద్దం జేబులోంచి చిన్న ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో పిడికెడు నీలిరంగు స్పాంజి ముక్క. కవరు మీద ‘ఆధారం 1’ అని రాసి ఉంది. “దుండగుడి మారువేషంలోది. పొట్ట పెద్దదిగా కనిపించడానికి కూరుకుంటారు.”

“ఎక్కడిదిరా అది?”

“ఇక్కడే, ఆ వెనక మూలలో గోడకి దొరికింది. నిన్న మేస్త్రీ నీళ్లకి కుళాయి దగ్గరికెళ్లినప్పుడు బూట్లు విప్పి పిల్లిలా వెళ్లి లాగాను.”

“నిన్నా? నిన్న నేరమే జరగలేదు కదరా!”

“అక్కడే బావా, మామూలు డిటెక్టివ్‌కీ నాకూ తేడా. వాళ్లు నేరం జరిగాక ఆధారం వెతుకుతారు. నేను ముందే సేకరించి పెట్టుకుంటాను.”

బావగారి బుర్రలో ఏదో మెదిలింది. అది పూర్తిగా మెదిలేలోపే భూతద్దం ‘నేర పునర్నిర్మాణం’ మొదలుపెట్టేశాడు.

“నేనే దొంగని. భుజాన నేల. ఇలా వెనక్కి వెనక్కి అడుగులేస్తూ...”

వెనక్కి వెనక్కి అడుగులేస్తూ వెళ్లి, నిన్న మేస్త్రీ నింపి పెట్టిన నీళ్ల బకెట్టులో కాలు పెట్టాడు. బకెట్టుతో సహా వెల్లకిలా పడ్డాడు. నీళ్లన్నీ పల్లంలోకి పరుగెత్తి, గోడ మూలకి చేరి, గుడగుడమని చప్పుడు చేసి మాయమయ్యాయి.

అందరూ గుడ్లప్పగించి చూశారు.

మేస్త్రీ స్టూలు మీంచి లేచాడు. బావగారు గోడ వెనక్కి పరుగెత్తారు. అక్కడ మురుగునీటి గుంత మూత ఎత్తితే, లోపల రెండు బస్తాల కాంక్రీటు నున్నగా, చదునుగా, మెరుస్తూ పరుచుకుని ఉంది. దానిమీద ఇప్పుడే వచ్చిన నీళ్లు ఎటూ ఒరగకుండా సమానంగా నిలబడ్డాయి. ఆ ఇంటి మొత్తంలో అంత చక్కని నేల మరోచోట లేదు.

“పాత కుళాయి నీళ్లు బయటికి పోయే పైపు కన్నం,” అన్నాడు మేస్త్రీ. “నిన్న నేనే మూశాను కదా సార్! ఈ సరుకు చీమదూరే సందున్నా జారిపోతుంది. అందుకే ప్రైమర్ కన్నా ముందు కన్నాలన్నీ స్పాంజితో గట్టిగా కూరాను.”

“కన్నమా? ఎక్కడ?” భూతద్దం తడిబట్టలతో మోకాళ్ల మీద పాకి మూలకి చేరాడు. “ఇదా రహస్య మార్గం! ముందు దీన్ని మూసెయ్యాలి. అదృష్టం బాగుండి సరిపడా వస్తువు నా దగ్గరే ఉంది.”

కవరులోంచి ఆధారం 1 తీసి కన్నంలో దూర్చాడు. అది దానికోసమే పుట్టినట్టు అతుక్కుపోయింది.

“చూశారా? ఎంత సరిగ్గా...”

ఆగిపోయాడు. అక్క మొదటిసారిగా తమ్ముడి వైపు కాకుండా గోడ వైపు చూసింది.

బావగారు వెళ్లి తాపీ తీశారు. చొక్కా అంచుతో తుడిచారు. “మేస్త్రీ, తప్పు మాది. ఆరు బస్తాలూ నా కళ్ల ముందే ఉన్నా నోరు మెదపలేదు. అది ఇంకా పెద్ద తప్పు. క్షమించు,” అని చేతికిచ్చారు. ఆ మాట అనగానే ఆయన గుండె తేలికైంది.

మేస్త్రీ తాపీని ఒక్క క్షణం చూశాడు. “నాలుగింటికి నడిచేంత గట్టిపడాలంటే ఇప్పుడే పొయ్యాలి సార్. కలపడానికి ఒక మనిషి కావాలి.”

ముగ్గురూ ఒకే మనిషి వైపు చూశారు.

భూతద్దం కలిపాడు. ప్రైమర్ ఆరేదాకా విసనకర్రతో విసిరాడు, పొడి పొయ్యమంటే పోశాడు, తుమ్మద్దంటే తుమ్మలేదు. నాలుగింటికి వచ్చిన హాలాయన రసమట్టాన్ని తన చేత్తోనే మూల మీద పెట్టి చూశాడు. బుడగ మధ్యలో కూర్చుని కదల్లేదు.

“ఎప్పుడు మొదలుపెడతావ్?”

“రేపే సార్. కానీ ఒక్క షరతు.” మేస్త్రీ వేలు చూపించాడు. “నేల ఆరేదాకా ఆ బాబు మీ వీధిలోకి రాకూడదు.”

సాయంత్రం భూతద్దం వసారాలో కూర్చుని, మోచేతుల దాకా సిమెంటుతో, డైరీలో రాసుకున్నాడు. తర్వాత గొంతు సవరించుకుని చదివాడు: “నేల చోరీ కేసు. కేవలం మేధాశక్తితో ఛేదించబడింది. నేరస్థుడు ఇంకా పరారీలో ఉన్నాడు. ఎలా ఉంది బావా?”

ఈసారి బావగారు “ఊఁ” అనలేదు. పెన్ను తీసుకుని చివరి వాక్యం కొట్టేసి, కింద రాశారు: “పరారీలో లేడు. పదేళ్లుగా మా ఇంట్లోనే భోంచేస్తున్నాడు.”