చక్రాల జంట డాన్సు సేవా సమితి

ఒక పెద్ద అడవిలో, ఏటి ఒడ్డున, నున్నటి బండ ఒకటి ఉండేది. ఎండ తగ్గాక దానిమీద జంట డాన్సు జరిగేది. జంటలో ఒకరు చక్రాల బండిలో కూర్చుని ఆడతారు, రెండోవారు నిలబడి ఆడతారు. కాళ్లు పోయినవాళ్లకీ, నడుం పడిపోయినవాళ్లకీ వడ్రంగిపిట్ట బండ్లు చేసిపెట్టింది. ఆ అడవిలో ముందు కాళ్లని చేతులనే అనేవారు. మనమూ అలాగే అందాం.

తరళ అనే జింక వేటగాడి ఉచ్చులో పడి వెనక కాళ్లు రెండూ పోగొట్టుకుంది. డాన్సులో ఆమె జంట భల్లయ్య అనే ఎలుగుబంటి. సాయం చేద్దామని తనంతట తానే వచ్చినవాడు. వచ్చిన మొదటిరోజు వెనకనుంచి బండి తొయ్యబోయి చీవాట్లు తిన్నాడు.

"తొయ్యడానికైతే నాకు నువ్వెందుకు బాబాయ్? చక్రాలు నేను తిప్పుకుంటాను. నువ్వు నా చెయ్యి పట్టుకుని, నేనెటు లాగితే అటు రా" అంది తరళ.

"అంతేనా?"

"అంతే. వచ్చినవాళ్లందరికీ కష్టం అదే."

భల్లయ్యకి అది వంటబట్టింది. బండ కొంచెం ఏటవాలు. బండి దిగువకి జారుతుంటే తరళ ఒక చక్రం బిగించి పట్టేది, బండి గిర్రున తిరిగేది. భల్లయ్య ఆ చెయ్యి వదలకుండా చుట్టూ తిరిగి వచ్చేవాడు. ఇద్దరికీ నవ్వు ఆగేది కాదు.

తరళకి ఒకే ఒక్క దిగులు. ఆమె మంద అప్పుడప్పుడూ చూడటానికి వచ్చేది. లేతగడ్డి తెచ్చి ముందు పెట్టి, "అయ్యో, పాపం" అని, త్వరత్వరగా వెళ్లిపోయేది. ఆ మాట విన్నాక ఆమె ఆ గడ్డి ముట్టేది కాదు.

"వసంతోత్సవానికి మా వాళ్లంతా వస్తారు బాబాయ్. ఒక్కసారి నేను ఆడుతుంటే చూడాలి. ఆ తర్వాత పాపం అనమను, చూద్దాం."

సరిగ్గా ఆ రోజుల్లోనే, వసంతోత్సవంలో సింహంగారు 'సేవారత్న' బిరుదు ఇవ్వబోతున్నారని నక్క జంబుకరావుకి తెలిసింది. మర్నాటికల్లా బండ దగ్గర సేవా సమితి వెలిసింది. జంబుకరావు అధ్యక్షుడు. పింఛమూర్తి అనే నెమలి కార్యదర్శి. వాలంటీర్లకి బ్యాడ్జీలు వచ్చాయి, బ్యానరు వచ్చింది. డాన్సు ఎలా ఆడతారన్న ప్రశ్న మాత్రం ఎవరికీ రాలేదు.

మొదటి సమావేశంలో జంబుకరావు గొంతు సవరించుకున్నాడు.

"ఉత్సవంలో బండ్లన్నీ మా వాలంటీర్లే తోస్తారు. బండిలో కూర్చున్నవాళ్లు చేతులు ఒళ్లో పెట్టుకుని ప్రశాంతంగా ఉండాలి. చక్రాలు ముట్టుకోకూడదు. మీరే తిప్పుకుంటే ఇక మేము చేసే సేవ ఏం కనిపిస్తుంది?"

"మరి డాన్సు?" అంది తరళ.

"అదీ ఉంటుందమ్మా. ఇదంతా మీకోసమేగా."

"మాకోసమైతే మమ్మల్ని ఒక్కమాట అడగొచ్చుగా?" అంది కొమ్మ విరిగి నడుం పోగొట్టుకున్న ముసలి కోతి.

"అడిగి చేస్తే అది సేవెలా అవుతుందమ్మా, కూలిపని అవుతుంది" అన్నాడు జంబుకరావు. వాలంటీర్లు చప్పట్లు కొట్టారు.

తరవాత భల్లయ్యని పక్కకి పిలిచాడు.

"నువ్వు ఉత్సవంలో వద్దులేవయ్యా. నిన్ను చూస్తే సేవ చేస్తున్నట్టే లేదు. ఆడుకుంటున్నట్టుంది. పైగా సంతోషంగా కూడా ఉన్నావు. మనిషన్నాక, అదే, జంతువన్నాక, సేవ చేసేటప్పుడు ముఖంలో కాస్త త్యాగం కనిపించాలి."

తరళకి జంటగా పింఛమూర్తిని వేశారు. ఒప్పుకోకపోతే ఆమెకి కార్యక్రమంలోనే చోటుండదన్నారు. మంద వస్తోంది. తరళ కోపం దిగమింగుకుని ఒప్పుకుంది.

డాన్సు కంటే దండం మీద జంబుకరావు ఎక్కువ శ్రద్ధ పెట్టాడు. రాజుగారు లేచి నిలబడితే ఎంత పనిలో ఉన్నా వదిలేసి, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాలి. ఆయన మళ్లీ కూర్చునేదాకా దించకూడదు. వాలంటీర్లు నిద్రలో లేపినా దండం పెట్టేంతగా నేర్చుకున్నారు.

ఉత్సవం రోజున అడవంతా వచ్చింది. వాలంటీర్లు బండ్లని బండ పైకి తోసుకొచ్చారు. ఒక చేత్తో తోస్తూ, రెండో చేత్తో రాజుగారికి బ్యాడ్జీ కనిపించేలా సర్దుకుంటున్నారు. పింఛమూర్తి తరళ ముందుకొచ్చి పింఛం విప్పాడు. దాంతో ఆమె కనిపించకుండా పోయింది. మళ్లీ వెనక్కెళ్లి రెండడుగులు తోశాడు.

"పాపం, ఆ నెమలికి ఎంత ఓపికో!" అని మందలో ఎవరో అన్నారు. తరళకి ఏడుపొచ్చింది. చేతులు ఒళ్లోనే ఉన్నాయి, కళ్లు తుడుచుకోవడానికి కూడా వీల్లేదు.

అంతలో రాజుగారిని చీమ కుట్టింది. ఆయన లేచి నిలబడ్డాడు.

వాలంటీర్లందరూ ఒక్కసారిగా బండ్లు వదిలేసి చేతులెత్తారు. వాళ్లని చూసి జనమూ దండం పెట్టారు.

బండ్లు వాలుకి జారాయి. కింద ఏరు. ఎవరూ కదల్లేదు, రాజుగారు ఇంకా కూర్చోలేదు కదా. తరళ ఒళ్లోంచి చేతులు తీసి ఒక చక్రం బిగించి పట్టింది. బండి గిర్రున తిరిగింది. రెండో చెయ్యి గాలిలోకి చాచింది. జనంలో దండం పెట్టకుండా ఉన్నవాడు ఒక్కడే. భల్లయ్య పరిగెత్తుకొచ్చి ఆ చెయ్యి అందుకున్నాడు.

ఇక ఆమె ఎటు లాగితే అటు. ముసలి కోతి కూడా "ఓహో, అలాగా!" అంటూ చక్రాలు పట్టింది. మిగతా బండ్లూ తిరిగాయి. రాతిస్తంభాల్లా నిలబడ్డ వాలంటీర్ల మధ్యనుంచి దూసుకెళ్లి, వాళ్ల చుట్టూ తిరిగి, డాన్సు బండంతా పరుచుకుంది. రాజుగారు చీమ సంగతి మరిచిపోయి చివరిదాకా నిలబడే చూశాడు. కాబట్టి వాలంటీర్లూ చివరిదాకా చేతులు దించలేదు.

మందంతా మెడలు చాచి చూసింది. ఆఖరికి ఒక ముసలి జింక నోరు తెరిచింది.

"ఆ ఎలుగుబంటి, పాపం. మనమ్మాయి వెనక ఊపిరాడకుండా తిరుగుతున్నాడు."

ఆ మాట వినపడి తరళ పడీపడీ నవ్వింది.

సేవారత్న జంబుకరావుకే వచ్చింది. శాలువా కప్పుతూ రాజుగారు ఇలా అన్నాడు.

"ఎన్నో సమితుల్ని చూశాను. డాన్సు నడిచినంతసేపూ ఎవరికీ అడ్డం రాకుండా, ఎవరి బండిమీదా చెయ్యి వెయ్యకుండా నిలబడ్డ సమితి ఇదొక్కటే. రోజూ ఇలాగే చెయ్యండి. నేను మనిషిని, అదే, తోడేలుని పంపి కనుక్కుంటూ ఉంటాను."

అప్పటినుంచీ రోజూ సాయంత్రం జంబుకరావు బండ అంచున చేతులెత్తి నిలబడుతున్నాడు. ముసలి కోతి డాన్సుకి దిగేముందు తన తువ్వాలు ఆ చేతికే తగిలిస్తోంది.

నీతి: అడ్డు తప్పుకోవడాన్ని మించిన సేవ లేదు, ఎటొచ్చీ, దాన్ని సింహం చూస్తుండగా చెయ్యాలి.