మధురగుళికా పరాభవము

స్వస్తి! ప్రభాతభానుకిరణములు ఎదుటి మేడమీది నీళ్లట్యాంకుపై పడి మెరయుచుండగా, పాలబండి సందు మలుపున బ్రేకు కొట్టగా, కుట్టుమిషను ఇంకను నిద్ర లేవని శుభముహూర్తమున, కత్తెరధారియు, కొలతటేపు కంఠాభరణుడును, పరుల నడుములు కొలుచుటలో అసమానుడును, తన నడుము కొలుచుకొనుటలో మాత్రము పరమపిరికివాడును నగు దర్జీవర్యుడు తన దుకాణమున కొలువుతీరి యుండెను.

ఆ మహానుభావుని పెండ్లినాటి ప్యాంటు, ఏటేట నడుము వదులు చేయబడి, కుట్టులోపలి మడతగుడ్డ యంతయు హరించిపోగా, ఇక వదులు చేయుటకు నూలుపోగైన లేని దుర్దశకు వచ్చినది. ప్యాంటు పెరుగదు గనుక నడుమే తగ్గవలెను! అంతట నాతడు అన్నమును, రొట్టెను, బంగాళాదుంపను త్యజించి, "పంచదారే కాదు, దాని వేషం వేసుకొచ్చే తీపిమాత్ర కూడా నా కప్పులో పడకూడదు!" అని భీకరప్రతిజ్ఞ పట్టెను. ఏలన, నాలుకకు తీపి తగిలిన మరుక్షణము ఆతని హస్తము బిస్కెట్ల డబ్బాలో దూరును. పోయినసారి పథ్యము అట్లే మట్టిగొట్టుకొని పోయినది.

రెండు వారములు గడచెను. వీరుడు టీ చప్పరించుచు, వచ్చిన ప్రతి గిరాకీతోను, "నాలుక శుద్ధి అయితే టీ ఆకులోనే తీపి తెలుస్తుందండీ!" అని కోతలు కోసెను. నడుము మాత్రము రవంతయు తగ్గలేదు. సాయంకాలమగుసరికి బిస్కెట్లు మాయమగుచుండెను. ఎందుకో పాపము, తిన్నవానికే తెలియదు.

ఆ ప్రభాతమున తెరవెనుక వంటగదినుండి 'టిక్' మను సూక్ష్మధ్వని వెడలెను. గుండీ రాలిన చప్పుడునైన పసిగట్టు ఆ కర్ణద్వయము నిక్కబొడుచుకొనెను. ఒక్క ఉదుటున తెర తొలగించి చూచెను గదా, హతవిధీ! ఇల్లాలి చేత బుల్లి డబ్బా! డబ్బానుండి కప్పులోనికి దూకిన శ్వేతగుళిక!

"ఇదేంటి? రోజూ వేస్తున్నావా?"

"మొదటిరోజు మీ మొహం చూడలేకపోయానండీ. ఆముదం తాగినట్టు పెట్టారు. ఇందులో పిండీ లేదు, పంచదారా లేదు, ఏమవుతుందిలే అనుకున్నా."

"మరి నేను ఊరంతా చాటుకున్నానే, ఆకులో తీపి తెలుస్తోందని!"

"మీరంత సంబరపడిపోతుంటే చెప్పడానికి నోరు రాలేదు."

అయ్యయ్యో, ఏమని చెప్పుదును! దర్జీవర్యుడు సిగ్గుతో సగమై స్టూలుపై కూలబడెను. ఇల్లాలిపై కోపము రాబోయి, ఆమె ముఖము చూచి వెనుకకు పోయెను. ఆ కోపమంతయు గుళికపైకి మరలగా, కత్తెర నెత్తి గర్జించెను:

"ఓసీ కపటమధురీ! శర్కరావేషధారిణీ! నా కప్పులో మునిగి, నా నాలుకపై నటించి, నా చేతిని బిస్కెట్లపాలు చేసితివి! నేటితో నీ నాటకము సమాప్తము!" పిమ్మట గొంతు తగ్గించి, "ఆ కప్పు నువ్వు తాగెయ్. నాకు ఉత్తిది పోయి" అనెను.

సంగ్రామ మారంభమయ్యెను. మొదటి గుటకకు కనుబొమలు ముడివడెను. రెండవ గుటకకు చెవులు కదలెను. "ఎందుకొచ్చిన తంటా, ఒక్కటి వేస్తానుండండి" అని ఇల్లాలు డబ్బా నెత్తగా, వీరుడు ఎడమచేత వారించి, కన్నులు గట్టిగా మూసి, అడుగంట త్రాగెను.

"ఎలా ఉంది?"

"ఘోరంగా ఉంది. ఆకులో తీపీ లేదు, గీపీ లేదు. రేపూ ఇలాగే పోయి."

ప్యాంటు గుండీ ఆనాడును పట్టలేదు. అయినను, ఓ జనులారా, మ్రోగింపుడు భేరీలు! ఆ సాయంకాలము బిస్కెట్ల డబ్బా మూత కదలలేదు. బుల్లి డబ్బాలో ఒకానొక మాత్ర, దూకుటకు కప్పు లేక, ఉన్నచోటనే ఉండిపోయెను.