ఏలీయా మాస్టారి మెడ

శనివారం పొద్దున ఏలీయా మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగి, బేస్ గిటారును పెట్టెలోంచి తీసి, పాత తీగలు విప్పి, దుమ్ము తుడిచి, కొత్త తీగలు కట్టి, మధ్యాహ్నానికి సాధన మొదలుపెట్టాలి. మర్నాడు చర్చిలో కోత పండుగ. రెండేళ్ళ తర్వాత మళ్ళీ వాయిస్తానని క్వయిర్ నడిపే దానంగారికి మాటిచ్చారు.

రెండేళ్ళ క్రితం ఆయన భార్య సలోమి పోయింది. ఆవిడ క్వయిర్‌లో రెండో వరస చివర నిలబడి పాడేది. వాళ్ళకి పిల్లల్లేరు. ఆ నెలంతా ఇంటికి వచ్చిపోయిన జనం, ఆ తర్వాత వీధిలో ఎదురుపడితే తలూపి వెళ్ళిపోవడానికి అలవాటుపడ్డారు. రాజోలు హైస్కూల్లో పిల్లలకు బొమ్మలు వెయ్యడం నేర్పి ఇంటికొచ్చాక, ఆయనతో మాట్లాడేది రేడియో ఒక్కటే. అది ఆయన చెప్పేది వినదు.

అది 1998వ సంవత్సరం. పెట్టె తెరిచి చూస్తే రెండు వానాకాలాల చెమ్మకి గిటారు మెడ వంగిపోయి ఉంది. తీగలు మెడకి ఎంత ఎత్తులో ఉన్నాయంటే, నొక్కితే వేళ్ళు కందిపోవాల్సిందే తప్ప స్వరం పలికేట్టు లేదు. ఇలాంటివి బాగుచేసే గంగాధర్ రాజమండ్రిలో ఉంటాడు. అంత దూరం పోయి వచ్చే వ్యవధి లేదు. మాస్టారు సెంటర్లోని ఎస్‌టీడీ బూత్‌కు వెళ్ళి అతనికి ఫోన్ చేశారు.

బూత్ నడిపే ముత్యాలరాజుగారు పెద్దమనిషి. ఒకరి మాటలు చాటుగా వినే అలవాటు ఆయనకు లేదు. కాని ఆ బూత్ తలుపు సరిగా పడదు.

"మెడ ముందుకి వంగిపోయిందండి... ఆయ్, రెండేళ్ళ నుంచీ... లేదండి, ఎవరికీ చూపించలేదు. లోపల ఇనపకడ్డీ ఉంది కదండి, దాన్నా? కుడివైపుకి పావు చుట్టు... ఎక్కువ తిప్పితే ఇరిగిపోద్దా? అబ్బే, రాజమండ్రి ఎందుకండి, నేనే ఇంట్లో చేసుకుంటాను. దాన్ని తిప్పే తాళం నా దగ్గరుంది."

బయటికొచ్చిన మాస్టారి మెడ వైపు రాజుగారు జాలిగా చూశారు. "మాస్టారూ, అలాంటివి ఒక్కరూ ఉండి చేసుకోకండి."

"నేర్చుకుంటే ఎంతసేపండి. ఒకసారి పట్టుబడితే ఇంక ఎవరి మీదా ఆధారపడక్కర్లేదు" అని మాస్టారు వెళ్ళిపోయారు.

ఆ తర్వాత ఫోన్ చేసుకోవడానికి వచ్చింది మాస్టారి పక్కింటి మంగాయమ్మగారు. "మాస్టారికి మెడలో కడ్డీ వేసేరంటండి. అది కాస్తా వదులైపోయింది. తాళం పెట్టి సొంతంగా బిగించుకుంటానంటున్నారు" అన్నారు రాజుగారు. మంగాయమ్మగారు తను చేయాల్సిన ఫోను మరిచిపోయి ఇంటిదారి పట్టింది. దారిలో దానంగారు కనిపిస్తే చెప్పింది. ఆవిడ చెప్పేటప్పటికి కడ్డీ మెడలోంచి నడుం దాకా దిగింది. దానంగారు సైకిల్ తిప్పుకుని పాస్టరుగారింటికి వెళ్ళారు.

ఇంట్లో మాస్టారు తీగలు వదులు చేసి, మెడ చివర ఉన్న చిన్న రంధ్రంలో తాళం పెట్టి, ఊపిరి బిగబట్టి పావు చుట్టు తిప్పారు. సరి అయిందో లేదో చూడాలంటే మెడ పొడుగునా ఒంటికన్నుతో చూడాలని గంగాధర్ చెప్పాడు. అంచేత గిటారును గుండెకి ఆనించుకుని, తల ఎడమ భుజం మీదికి వాల్చి, ఒక కన్ను మూసి, మూతి వంకర పెట్టి అలాగే నిలబడిపోయారు. కిటికీలోంచి మంగాయమ్మగారికి గిటారు కనిపించలేదు. ఆ తల, ఆ కన్ను, ఆ మూతి మాత్రం కనిపించాయి. ఆవిడ పిలవకుండానే వెనక్కి వెళ్ళి, శివకోడులో ఎముకలకు కట్లు కట్టే ఏడుకొండలుకి కబురు పెట్టింది.

గంటలో అతను వెదురుబద్దల సంచీతో దిగాడు. మాస్టారు అతన్ని వడ్రంగి అనుకున్నారు.

"దానంగారు పంపేరా?"

"అందరూ అనుకునే పంపేరండి. మెడ సంగతి చూడమన్నారు."

"ఇప్పుడు కొంచెం నయం. ఇందాకే పావు చుట్టు తిప్పేను."

"మీరే తిప్పుకున్నారాండి?"

"నేనే. ముందు తీగలు వదులు చేసేను. లేకపోతే ఇరుగుద్దంట."

ఏడుకొండలు సంచీ కింద పెట్టాడు. ముప్పై ఏళ్ళుగా కట్లు కడుతున్నాడు గాని తన నరాలు తనే వదులు చేసుకున్న మనిషిని చూడలేదు. "నొప్పెలా ఉందండి?"

"నొప్పేంటండీ, వొట్టి కొయ్య కదా."

కొయ్యబారిపోయిందన్నమాట అనుకున్నాడు ఏడుకొండలు. "ఓసారి చెయ్యేసి చూస్తానండి."

"చూడండి" అని మాస్టారు గిటారు అందుకోవడానికి వెనక్కి తిరిగారు. అతని రెండు బొటనవేళ్ళూ ఆయన మెడ మీద పడ్డాయి. అప్పుడు గాని ఆయనకు సంగతి అర్థం కాలేదు. కాదని చెప్పబోయేంతలో దానంగారూ, పాస్టరుగారూ, క్యారేజీతో మంగాయమ్మగారూ, వాళ్ళ వెనక క్వయిర్ ఆడవాళ్ళూ లోపలికి వచ్చేశారు. పాస్టరుగారు వస్తూనే కళ్ళు మూసుకుని, తన దాసుని మెడను స్వస్థపరచమని ప్రార్థన మొదలుపెట్టారు. ప్రార్థన మధ్యలో అడ్డుపడటం మాస్టారికి చేతకాదు.

ఆమేన్ అన్నాక కళ్ళు తెరిస్తే ఎదురుగా కంచం ఉంది. వేడి అన్నం, ఆనపకాయ పులుసు. "పక్కింట్లో ఉన్నాం, మాకు కూడా చెప్పలేదేంటండి మాస్టారూ" అంది మంగాయమ్మగారు. గొంతులో నిజమైన బాధ ఉంది.

మాస్టారు చుట్టూ చూశారు. ఉన్న రెండు కుర్చీలూ చాలక జనం మంచం మీద, ట్రంకు పెట్టె మీద కూర్చున్నారు. గుమ్మం బయట చెప్పులు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. వంటింట్లో ఎవరో పంచదార ఎక్కడుందని అడుగుతున్నారు. ఇంకెవరో వెతుకుతున్నారు.

"చెబితే మీరంతా కంగారు పడతారనండి" అన్నారు మాస్టారు. ఆ మాట ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు.

ఏడుకొండలు కోడిగుడ్డు సొనలో మినప్పిండి కలిపి, బద్దలు పేర్చి, చెవుల దగ్గర్నుంచి భుజాల దాకా కట్టు కట్టేశాడు.

సాయంత్రం జనం వెళ్ళాక మాస్టారు కొత్త తీగలు కట్టి, వాటి ఎత్తు సరిచేసి, శ్రుతి కలిపారు. మర్నాడు వాయించొద్దని అందరూ బతిమాలినా చర్చిలో గిటారు తగిలించుకుని నిలబడ్డారు. ఆయన ఎప్పుడూ వేళ్ళు చూసుకుంటూ వాయించేవారు. ఈసారి కట్టు తల దించనివ్వలేదు. ఎదుటనున్న క్వయిర్ వైపు చూడక తప్పలేదు. రెండో వరస చివర ఒక మనిషి నిలబడేంత జాగా ఖాళీగా ఉంది. పక్కనావిడ ఇరుగ్గా నిలబడింది గాని అందులోకి జరగలేదు. రెండేళ్ళుగా వాళ్ళు ఆ జాగా అలాగే వదిలేస్తున్నారని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

మొదటి పాటలో రెండు స్వరాలు తప్పాయి. తర్వాత వేళ్ళకు దారి తెలిసింది. మాస్టారి కళ్ళ వెంట నీళ్ళు కారడం చూసి, పాపం మెడ నొప్పనుకుని దానంగారు చివరి పాటలో రెండు చరణాలు తగ్గించారు.

ఆ వారమంతా రోజుకొకరు క్యారేజీతో వచ్చారు. వచ్చినవాళ్ళు కూర్చున్నారు. కూర్చున్నవాళ్ళు సలోమి గురించి మాట్లాడారు.

తొమ్మిదో రోజున కట్టు విప్పడానికి ఏడుకొండలు వచ్చాడు. ఇంట్లో ఇద్దరే ఉన్నారు. మాస్టారు ఇక ఆగలేకపోయారు.

"ఏడుకొండలుగారూ, వంగింది నా మెడ కాదండి. గిటారు మెడ."

"తెలుసండి. చెయ్యెయ్యగానే తెలిసింది. మీ మెడ నిక్షేపంలా ఉంది."

"మరి కట్టు కట్టేరేంటండి?"

ఏడుకొండలు సంచీలో బద్దలు సర్దుకుంటూ చెప్పాడు. "అప్పుడే ఉన్నమాట చెబుదామనే అనుకున్నానండి. ఈలోగా ఆవిడ అన్నం పెట్టింది, మీరు తిన్నారు. తింటున్న మీ మొహం చూసి ఊరుకున్నాను. నాకూ ఇంట్లో ఎవరూ లేరండి."

మాస్టారు ఏదో అనబోయేలోగా బయట మాటలు వినిపించాయి. మంగాయమ్మగారూ, దానంగారూ క్యారేజీతో లోపలికి వచ్చి, మెడ అతుక్కుందా అని అడిగారు.

ఏడుకొండలు కట్టు మీద రెండు వేళ్ళతో తట్టి చూసి, ఇంకో తొమ్మిది రోజులు పడుతుందని చెప్పి, రెండో కంచం తెచ్చుకోవడానికి వంటింట్లోకి వెళ్ళాడు.